గడువు తీరిన రోలు

పల్లపు తిరపతమ్మ చేతిలో ఫోను కీచుమంది.

ఆ కూత ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఆర్డరు వస్తే గంపెడు యాప్ గుడిగంటలా మోగుతుంది. సరుకు చేరితే చప్పట్లు కొడుతుంది. కీచుమందంటే మాత్రం కొత్త నిబంధన పుట్టినట్టే.

కొంగుతో రాతిపొడి తుడుచుకుని తెర మీదికి చూసింది.

"గౌరవనీయ విక్రేతా! తాజాదనమే మన ప్రాణం. ఇకపై గంపెడులో అమ్మే ప్రతి వస్తువుకూ గడువు తేదీ తప్పనిసరి. శుక్రవారం సాయంత్రంలోగా నమోదు చేయని దుకాణాలు శాశ్వతంగా మూతపడతాయి. నవ్వుతూ అమ్మండి!"

తిరపతమ్మ తల తిప్పి తన సరుకు వైపు చూసింది.

రోళ్ళు. సన్నికల్లు. తిరగళ్ళు. చీమకుర్తి నల్లరాయిలోంచి పుట్టుకొచ్చి, పందిరి కింద వరసగా కూర్చుని, ఇంకో వెయ్యేళ్ళయినా ఇలాగే కూర్చుంటామన్నట్టు చూస్తున్నాయి.

"ఏమయ్యో, రోలు ఎన్నాళ్ళకి పాడవుద్ది?" అని మొగుణ్ణి అడిగింది.

ఏడుకొండలు తలెత్తలేదు. పక్కవీధి వాళ్ళ సన్నికల్లుకి కక్కు కొడుతున్నాడు. వాడగా వాడగా నున్నబడిపోయిన రాతిని ఉలితో గంట్లు పెట్టి మళ్ళీ గరుకు చేస్తే అది కక్కు. కక్కు కొడితే ఎంత పాతరాయైనా కొత్తదే అని ఆ వీధిలో లెక్క.

"పొద్దున్నే ఎండ దెబ్బ తగిలిందా ఏంది?" అన్నాడు.

"నాకు కాదు. బెంగళూరుకి తగిలింది."

విషయం ఎక్కడ మొదలైందో తర్వాత తెలిసింది. బెంగళూరులో గంపెడు కంపెనీ ఛైర్మన్ గారి అత్తగారు తమ సొంత యాప్‌లోనే కాజాలు తెప్పించుకున్నారు. మొదటి కాజా కొరకగానే కాజా అలాగే ఉంది, పన్ను ఊడింది. అల్లుడు గారు ఆ సాయంత్రమే తాజాదన పరిరక్షణ విభాగాన్ని స్థాపించారు. కాజాకి ఒక నిబంధన, రాయికి ఒక నిబంధన అంటే అది వివక్ష అవుతుందని, అన్నిటికీ ఒకటే పెట్టారు.

తిరపతమ్మ నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు. మామగారి కాలంలో రోడ్డు పక్కన పందిరి వేసుకుంటే చాలు, ఒంగోలు వెళ్ళే కార్లన్నీ ఆగేవి. ఇప్పుడు బైపాసు పడింది. కార్లు ఊరి మొహం చూడకుండా పోతున్నాయి. ఆ పందిరికి మిగిలిన గిరాకీ అంతా ఆమె చేతిలోని ఫోనే. పైగా పండగ అమ్మకాల కోసమని మూడు నెలలుగా కొట్టిన రోళ్ళన్నీ పెరట్లో ఉన్నాయి. దుకాణం మూతపడితే వాటిని తినలేరు, తాగలేరు.

ఫిర్యాదులు వినడానికి గంపెడు వాళ్ళు పెట్టిన సంతోష కేంద్రానికి ఫోను చేసింది.

"నమస్తే మేడమ్, ప్రణవిని మాట్లాడుతున్నాను. మీ ముఖంలో చిరునవ్వు తెప్పించడానికి నేనేం చేయగలను?"

"అమ్మాయ్, నేను రోళ్ళు అమ్ముతా. రోలుకి గడువేందమ్మా?"

"మీ బాధ మాకు అర్థమైంది మేడమ్. రోలు పాడయ్యే తేదీ వేస్తే సరిపోతుంది మేడమ్."

"పాడవదు."

"అంటే... ఎప్పటికీనా?"

"మా ఆయన వాళ్ళ నాయనమ్మ రోట్లోనే ఇప్పటికీ పచ్చడి నూరుతుండాం."



"మేడమ్," ప్రణవి గొంతు తగ్గించింది. "మీరు ఇప్పుడన్న మాట నేను వినలేదనుకుంటాను. ఇంకెవరితోనూ అనకండి."

ఫోను పెట్టేసింది.

యాప్‌లో గడువుల జాబితా విప్పింది తిరపతమ్మ. 'ఒక పూట' దగ్గర మొదలై 'పద్దెనిమిది నెలలు' దగ్గర ఆగిపోయింది. అంతకు మించి బతికే వస్తువును గంపెడు ఊహించలేదు. పద్దెనిమిది నొక్కింది. యాప్ వదల్లేదు. శాకాహారమా, మాంసాహారమా? శాకాహారం. ఎలా నిల్వ చేయాలి? కాళ్ళ మీద పడకుండా. మూత తీసిన తర్వాత ఎన్ని రోజుల్లో వాడాలి? ఇక్కడ ఆమె కాసేపు ఆలోచించి, 'మూత లేదు' అని రాసింది. ఎర్రగీత పడింది. 'మూత పోయింది' అని రాసింది. పచ్చగీత పడింది.

ఇంకో చిక్కు వచ్చింది. గడువు తేదీ వస్తువు మీద కనిపించాలి. కాగితం అంటిస్తే రాతిపొడికి అంటుకోలేదు.

"చెక్కు," అంది మొగుడితో.

"తేదీనా?"

"ఆ. అంచు మీద. కనపడేట్టు."

ఏడుకొండలు ఉలి తీశాడు. వాళ్ళ తాత గుళ్ళో శాసనాలు చెక్కాడని చెప్పుకుంటారు. మనవడు ఒక్కో రోలు మీదా 'ఈ తేదీ తర్వాత వాడరాదు' అని గుండ్రటి అక్షరాలతో చెక్కుకుంటూ పోయాడు.

"ఈ రోలు పోయినా, ఈ తేదీ మాత్రం పోదు," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం దుకాణం బతికింది.

*

బతకడమే కాదు, జనం విరగబడి కొన్నారు.

ఎవరూ ఊహించని సంగతి ఏమిటంటే, గడువు తేదీ చూడగానే జనానికి రోలు మీద గౌరవం పెరిగింది. ఇన్నాళ్ళూ అదొక బండ. ఇప్పుడది తాజా సరుకు.

కూకట్‌పల్లి నుంచి బొమ్మిడాల అలివేలు గారు ఫోను చేశారు. పాత కస్టమరు. ఇద్దరాడపడుచులకీ, ముగ్గురు తోటికోడళ్ళకీ తిరపతమ్మ దగ్గరే రోళ్ళు కొనిపించిన మనిషి.

"తిరపతమ్మా, మొన్న మా వదినకి పంపావే, అది ఏ రోజుది?"

"ఆదివారం కొట్టిందండి."

"అదీ సంగతి! నేను అనుకుంటూనే ఉన్నాను. పచ్చడి నీరసంగా ఉంది. నాకు మాత్రం ఏ పూటకా పూట కొట్టింది పంపాలి. వేడివేడిగా."

"రాయి వేడిగా ఎట్టా ఉంటదండీ?"

"మీ దగ్గర ఎండలు మండిపోతున్నాయి కదమ్మా! మధ్యాన్నం పంపు. డబ్బు నీకే నేరుగా వేస్తాలే, ఆ యాప్ వాడికెందుకు మధ్యలో?"

"వద్దండీ, వద్దండీ," తిరపతమ్మ కంగారుపడింది. "బయట బేరం చేస్తే గంపెడు వాళ్ళు జన్మలో దగ్గరికి రానీరు. సూదిమొన అమ్మినా యాప్‌లోనే అమ్మాలంట."

"సర్లే, ఆర్డరే పెడతాను. నచ్చకపోతే తిప్పి పంపొచ్చు కదా?"

"పంపచ్చు. మొత్తం పంపాలి. మొన్న తెనాలి ఆవిడ రోలు పంపి పొత్రం ఉంచుకుందని కంపెనీ వాళ్ళు లారీనే వెనక్కి తిప్పారు. వస్తువు ఒక్క ముక్క కూడా తగ్గకూడదు."

తాజాదనానికి ఇంత గిరాకీ ఉందని తెలియగానే గంపెడు ఊరుకుంటుందా? రోళ్ళు దారిలో వాడిపోకుండా చల్లని వ్యానులో తీసుకెళ్ళాలని హుకుం జారీ అయింది. మర్నాటి నుంచి తెల్లటి ఏసీ వ్యాను వచ్చి పందిరి ముందు ఆగేది. రోళ్ళని ఐస్‌క్రీమ్ డబ్బాల మధ్య, దుప్పటి కప్పి, జాగ్రత్తగా పడుకోబెట్టేవాళ్ళు.

ఏడుకొండలు ఎండలో నిలబడి, చెమట తుడుచుకుంటూ, వ్యాను వెళ్ళినంత దూరం చూసేవాడు.

"తిరపతా, నన్ను కూడా ఆర్డరు పెట్టమని ఎవరికన్నా చెప్పరాదూ," అన్నాడు ఒకరోజు.

*

దెబ్బ సోమవారం పడింది.

ఫోను కీచుమనలేదు. ఈసారి కుక్కపిల్ల ఏడ్చినట్టు సన్నగా మూలిగింది. ఆ కూత తిరపతమ్మ ఎప్పుడూ వినలేదు.

"విక్రేతా! తయారీ తేదీతో పాటు ముడిసరుకు పుట్టిన తేదీ కూడా ఇకపై తప్పనిసరి. కుళ్ళిన పాలతో ఈరోజు కోవా చేస్తే అది ఈరోజు కోవా అవుతుందా? ఆలోచించండి! మీ సౌకర్యార్థం ఆ తేదీలను మా యంత్రమే నింపుతుంది."

ఆమె ఇంకా చదువుతుండగానే యంత్రం నింపేసింది. నల్లరాయి ఎప్పుడు పుట్టిందో అది ఎక్కడెక్కడో వెతికి, వందల కోట్ల ఏళ్ళ నాటిదని తేల్చింది. దానికి పద్దెనిమిది నెలలు కలిపింది. ఎర్రదీపం వెలిగింది.

"మీరు గడువు తీరిన సరుకు అమ్ముతున్నారు. మీ దుకాణం మూసివేయబడినది."

తిరపతమ్మ దాన్ని ఇంకోసారి చదివింది. తేరుకునే లోపలే ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎందుకంటే యంత్రం అక్కడితో ఆగలేదు. ఆమె దగ్గర ఇంతవరకూ రోలు కొన్న ప్రతి ఒక్కరికీ ఒక సందేశం పంపింది: మీరు వాడుతున్న రోలు గడువు తీరింది. వెంటనే నూరడం ఆపి, రోలుకి దూరంగా నిలబడండి.

మొదటి ఫోను అలివేలు గారిది.

"అమ్మా తిరపతమ్మా! నిన్ననే గోంగూర నూరానే! మా ఆయనకి పొద్దుట్నుంచీ తల పట్టేసింది!"

"ఆయనకి ఎప్పుడూ పట్టేస్తదని మీరే చెప్పారు గదండీ!"

"అది వేరు. అది నా వల్ల. ఇది రోలు వల్ల!"

రెండో ఫోను నరసరావుపేట నుంచి. ఎవరో పెద్దమనిషి.

"అమ్మా, మా అమ్మాయి పెళ్ళికి పసుపు కొట్టింది మీ రోట్లోనే. ముహూర్తం అయిపోయింది, అప్పగింతలు అయిపోయినయ్యి, పిల్ల కాపరానికి కూడా పోయింది. ఇప్పుడు గడువు తీరిన రోలంటున్నారు. ఆ పెళ్ళి చెల్లుద్దంటారా?"

"ఎందుకు చెల్లదండీ?"

"మా వియ్యంకుడు గంపెడు వాళ్ళని అడిగాడమ్మా. ఏడు పనిదినాల్లో చెప్తామన్నారంట. అప్పటిదాకా మా అల్లుణ్ణి వేరే గదిలో పడుకోబెట్టారు."

తిరపతమ్మ పందిరి వైపు తిరిగింది. ఎటు చూసినా రోళ్ళే. అంచుల మీద ఆమే చెక్కించిన తేదీలు ఆమె వంకే చూస్తున్నాయి.

అప్పుడు వచ్చింది ఆఖరి సందేశం. గడువు తీరిన నిల్వను ధ్వంసం చేయించడానికి అధికారి బయలుదేరారు. సహకరించండి. నవ్వుతూ సహకరించండి.

*

ఆయన పేరు మృత్యుంజయరావు. గంపెడు కంపెనీ ప్రాంతీయ తాజాదనాధికారి. చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ, చంకలో ఫినాయిల్ డబ్బా.

"ఇదేనా ప్రమాదకర నిల్వ?" అని పది అడుగుల దూరం నుంచే అడిగారు.

"రోళ్ళు సార్," అంది తిరపతమ్మ.

"భావోద్వేగం వద్దమ్మా. విభాగం దృష్టిలో ఇవి కాలాతీత భోజ్యానుబంధ పదార్థాలు. నిర్మూలన విధానం సుస్పష్టం. లోతైన గొయ్యి తవ్వి, పూడ్చి, ఎవరూ తినకుండా పైన ఫినాయిల్ చల్లవలెను."

"ఫినాయిల్ చల్లకపోయినా ఎవరూ తినరు సార్," అన్నాడు ఏడుకొండలు.

"విధానాన్ని ప్రశ్నించరాదు. తవ్వండి."

"సార్," తిరపతమ్మ చేతులు జోడించింది, "మూణ్ణెల్ల కష్టం సార్. రాయి చెడిపోదు. కావాలంటే వాసన చూడండి."

మృత్యుంజయరావు గారు న్యాయమైన మనిషి. మూతిగుడ్డ దించి, వాళ్ళు రోజూ పచ్చడి నూరే రోట్లోకి వంగి, వాసన చూశారు. లేచి నిలబడ్డారు. ముఖం గంభీరంగా ఉంది.

"వెల్లుల్లి," అన్నారు. "తవ్వండి."

చేసేదేం లేక ఏడుకొండలు గడ్డపలుగు ఎత్తాడు. పెరట్లో రెండడుగులు తవ్వాడో లేదో, ఖంగుమంది. నిప్పురవ్వ లేచింది.

"ఏమిటా శబ్దం?"

"రాయి సార్."

"ఎలాంటి రాయి?"

"ఇదే రాయి సార్. ఇంకేముంటది మా ఊళ్ళో?"

మృత్యుంజయరావు గారు గోతి అంచుకి వచ్చి తొంగి చూశారు. ఆయన కళ్ళు చిన్నవయ్యాయి.

"అంటే గడువు తీరిన నిల్వను భూగర్భంలో దాచిపెట్టారన్నమాట!"

"మేమెందుకు దాస్తాం సార్? దేవుడు పెట్టాడు."

"దేవుడు మా దగ్గర నమోదైన విక్రేత కాదు. ఈ నిల్వ ఎంత దూరం విస్తరించి ఉంది?"

ఏడుకొండలు అబద్ధం ఆడే రకం కాదు. "అటు రామతీర్థం దాకా సార్. ఇటు పేర్నమిట్ట దాకా ఉంటదేమో, నేను చూళ్ళా."

"లోతు?"

"అది ఎవురూ చూళ్ళా."

అధికారి గారు జేబులోంచి పసుపు రంగు టేపు చుట్ట తీశారు. 'ప్రమాదం, గడువు తీరినది' అని ముద్రించి ఉంది. గొయ్యి చుట్టూ కట్టారు. పెరటి చుట్టూ కట్టారు. రోడ్డు మీదికి నడిచి మైలురాయికి కట్టారు. టీ కొట్టు ముందరి బండకి కట్టబోతే దాని మీద కూర్చున్న ముసలాయన లేవలేదు. ఆయన్ని కూడా కలిపి కట్టారు. ముసలాయన టీ తాగడం ఆపలేదు. టేపు అయిపోయింది. ఊరు ఇంకా మిగిలే ఉంది.

అక్కడ, రోడ్డు మధ్యలో, ఆయనకి అనుమానం వచ్చింది. మెల్లగా తల దించి తన బూట్ల వైపు చూసుకున్నారు.

"అమ్మా," అన్నారు సన్నటి గొంతుతో. "నేను దేని మీద నిలబడ్డాను?"

తిరపతమ్మకి జాలేసింది. నిజం చెప్పకుండా, పరుగున వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. మృత్యుంజయరావు గారు ఒక్క గెంతులో దాని మీదికి ఎక్కారు. ఆ తర్వాత కార్యాలయ వ్యవహారాలన్నీ కుర్చీ మీద నిలబడే నడిపించారు.

*

ఆయన వీడియోలో బెంగళూరుకి ఫోను కలిపారు.

"అయ్యా, పరిస్థితి విషమం. గడువు తీరిన నిల్వ జిల్లా కింద పరచుకుని ఉంది. పూడ్చడానికి జాగా లేదు. ఫినాయిల్ చాలదు."

తెర మీద ఛైర్మన్ గారు కనిపించారు. తమ కొత్త భవనం ముంగిట్లో నిలబడి ఉన్నారు. "జిల్లాని మన జాబితాలోంచి తీసేయండి," అన్నారు. "తాజాదనం విషయంలో రాజీ లేదు. నా గడప లోపల గడువు తీరినది ఏదైనా కనపడితే ఆ క్షణమే భవనం ఖాళీ చేయిస్తాను. అది నా నిబంధన. నాకు కూడా వర్తిస్తుంది."

తిరపతమ్మ కుర్చీ పక్కన నిలబడి, మెడ చాపి చూస్తోంది. ఆమె దృష్టి ఛైర్మన్ గారి మీద లేదు. ఆయన కాళ్ళ కింద ఉంది. అద్దంలా మెరిసే నల్లటి నేల. అందులో చల్లినట్టు వెండి చుక్కలు.

"ఏమయ్యా," అని మొగుణ్ణి పిలిచింది. "ఆ నేల చూడు."

ఏడుకొండలు చూశాడు. చుట్టం కనపడినట్టు అతని ముఖం వెలిగిపోయింది. "మన రాయే! మా చిన్నాన్న పనిచేసిన క్వారీదే! సార్, బాగుండారా సార్? నేల జారుడుగా లేదు గదా?"



ఛైర్మన్ గారు కిందికి చూశారు. తర్వాత పక్కనే ఉన్న సోఫా వైపు చూశారు. మరుక్షణం సోఫా మీద ఉన్నారు. ఆయన్ని చూసి రిసెప్షన్ అమ్మాయి బల్ల ఎక్కింది. ఆమెను చూసి సెక్యూరిటీ అతను, అతన్ని చూసి పైనున్న సిబ్బంది. ఆరు అంతస్తుల భవనంలో నేల మీద పాదం మోపిన ప్రాణి లేదు.

"ఖాళీ చేయించండి సార్," అన్నారు మృత్యుంజయరావు గారు కుర్చీ మీంచి. "మీ నిబంధనే."

"ఎలా ఖాళీ చేస్తామయ్యా? బయటికి పోవాలంటే నేల మీద నడవాలి!"

ఒక కుర్చీ, ఒక సోఫా. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. తిరపతమ్మ బుర్రలో పక్కవీధి వాళ్ళ సన్నికల్లు మెదిలింది.

"సార్," అంది. "ఒక్క మాట అడగచ్చా? మెత్తబడిన కారప్పూస ఉంటే, మీ లెక్కలో ఏం జేస్తారు?"

మృత్యుంజయరావు గారికి నిబంధనలు నోటికి వచ్చు. కళ్ళు మూసుకుని చదివారు. "పునర్వేపుడు నిబంధన. మెత్తబడిన సరుకును తిరిగి వేపిన యెడల, వేపిన తేదీయే పుట్టిన తేదీగా పరిగణించబడును."

"మా రాతికి కూడా అది ఉంది సార్. కక్కు అంటాం. నున్నబడిన రాతికి ఉలితో గంట్లు పెడితే ఆ పూటకి అది కొత్తరాయే. ఈ వీధిలో ఎవర్నన్నా అడగండి."

"కొత్తదే," అన్నాడు టేపులోంచి ముసలాయన.

"రాతికి పునర్వేపుడు!" మృత్యుంజయరావు గారు కుర్చీ మీదే చిన్న గంతు వేశారు. "అయ్యా, చట్టబద్ధం!"

"అయితే ఇంకేం!" సోఫా మీంచి ఛైర్మన్ గారు అరిచారు. "ఆ మనిషిని ఇప్పుడే కారెక్కించు. నా నేలకి ఆ కక్కేదో కొట్టించు. ఎంతంటే అంత ఇస్తాను!"

ఏడుకొండలు సుత్తి అందుకున్నాడు. తిరపతమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"కుదరదు సార్," అంది.

"ఎందుకు కుదరదు?"

"బయట బేరం మహాపాపం సార్. సూదిమొనైనా యాప్‌లోనే అమ్మాలి. మీరే చెప్పారు. ఆర్డరు పెట్టండి, పంపుతాను."

ఛైర్మన్ గారు సోఫా మీదే కూర్చుని ఇంకో ఫోను తీసి వెతికారు. "నీ దుకాణం మూసి ఉందిగా!"

"ఆ సార్."

"ఎవరు మూశారు?"

మృత్యుంజయరావు గారు గొంతు సవరించుకున్నారు. "మనమే సార్. తెరవాలంటే ఏడు పనిదినాలు పడుతుంది."

"నేను ఏడు రోజులు సోఫా మీద ఉండాలా?"

"సంతోష కేంద్రానికి ఫోను చేయండి సార్," అంది తిరపతమ్మ మెత్తగా. "ప్రణవి అని ఒక అమ్మాయి ఉంటుంది. బాధ అర్థం చేసుకుంటుంది."

ఆయన నిజంగానే చేశారు. మీ ముఖంలో చిరునవ్వు తెప్పించడానికి నేనేం చేయగలను అని ప్రణవి అడగడం, ఛైర్మన్ గారు దానికి ఏదో జవాబు చెప్పడం, మీ బాధ మాకు అర్థమైంది సార్ అనడం చీమకుర్తి రోడ్డు మీద అందరికీ వినపడింది.

తిరపతమ్మ చేతిలో ఫోను గుడిగంటలా మోగింది.

దుకాణం తెరుచుకుంది, ఛైర్మన్ గారి ఆర్డరు పడింది. పెరట్లో రోళ్ళన్నిటికీ ఏడుకొండలు తలో నాలుగు గంట్లు పెట్టాడు. అన్నీ ఆ పూట పుట్టినవే అయ్యాయి. కొనుక్కున్నవాళ్ళకి కూడా సందేశం వెళ్ళింది: సుత్తితో ఉలి మీద ఒక్క దెబ్బ వేయండి, రోలు తాజా అవుతుంది. నరసరావుపేట పెద్దమనిషి రోలుకి నాలుగు దెబ్బలు కొట్టించి, అల్లుణ్ణి గదిలోంచి విడిపించాడు.

*

ఏడుకొండలు బెంగళూరు వెళ్ళి, ఛైర్మన్ గారి ముంగిట్లో కక్కు కొట్టాడు. అతనిది గట్టి చెయ్యి. అద్దంలా మెరిసిన నేల వారం తిరిగేసరికి జల్లికట్టు మైదానంలా తయారైంది. ఆడపిల్లల ఎత్తుమడమల చెప్పులు ఇరుక్కుపోయాయి. చక్రాల కుర్చీలు గడగడలాడాయి. ఛైర్మన్ గారి అత్తగారు కొత్త భవనం చూడటానికి వచ్చారు. ఆవిణ్ణి గౌరవంగా చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరికి తోశారు. రెండో పన్ను ఊడింది.

ఆ సాయంత్రం తిరపతమ్మ ఫోనుకి ప్రధాన కార్యాలయం నుంచి సమీక్ష వచ్చింది. ఐదు నక్షత్రాల్లో రెండు. "నేల గరుగ్గా ఉంది." కింద ఎర్రటి అక్షరాలతో: వస్తువు నచ్చలేదు. వాపసు తీసుకోగలరు.

"కక్కుని ఎట్టా వాపసు తీసుకుంటాం?" ఏడుకొండలు బుర్ర గోక్కున్నాడు. "పెట్టిన గంటు పెట్టిందేగా."

తిరపతమ్మ మాత్రం నిబంధనలు తీసి నింపాదిగా చదివింది. ఆ తర్వాత జవాబు టైపు చేసింది.

"మీ బాధ మాకు అర్థమైంది సార్. వాపసుకి అభ్యంతరం లేదు. మీ నిబంధన ప్రకారం వస్తువు ఒక్క ముక్క కూడా తగ్గకుండా, మొత్తం పంపించగలరు."

తొమ్మిదో రోజున పందిరి ముందు లారీ ఆగింది. లారీ వెనక ఇంకో లారీ. రెండింటి నిండా నల్లటి బండలు. ఒక్కోదానికీ బుడగల కవరు చుట్టి, 'జాగ్రత్త, పగులును' అని రాసి, పైన గంపెడు వాళ్ళ నవ్వుముఖం అంటించి ఉంది. రవాణా ఖర్చు కంపెనీదే. అదీ నిబంధనే.

ఏడుకొండలు ఒక కవరు విప్పి, బండ మీద అరచెయ్యి వేసి రుద్దాడు. పైన సమంగా, దగ్గరదగ్గరగా, తను స్వయంగా పెట్టిన గంట్లు.

"రాయికి క్వారీ చుట్టూ తిరిగే పని లేదు, కక్కు కొట్టే పనీ లేదు," అన్నాడు. "ముక్కలు కోస్తే చాలు. మంచి గంధం సానలు అవుతయ్."

తిరపతమ్మ అప్పటికే ఫొటో తీస్తోంది. పుట్టిన తేదీ దగ్గర, కక్కు కొట్టిన రోజు వేసింది. శాకాహారం నొక్కింది. మూత పోయిందని రాసింది.

గుడిగంట మోగింది. వెంటనే ఫోను. అలివేలు గారు.

"తిరపతమ్మా, సానలు పెట్టావట కదా! మా ఆయన తలకి గంధం పట్టు వేయాలి. ఒకటి పంపు. కానీ ఒక్క మాట, పాతది అంటగట్టకు. తాజాదేనా?"

తిరపతమ్మ లారీ వైపు చూసింది. డ్రైవరు ఇంకా తాళ్ళు విప్పుతున్నాడు.

"తాజాదేనండీ," అంది. "ఇప్పుడే బెంగళూరు నుంచి దిగింది."